హెడ్డాఫీసులో పాముకాట్లు

రాష్ట్ర ఔషధ నిల్వల సమాచార సంస్థలో పంతొమ్మిదేళ్లుగా "లేదు" అన్న మాట ఎవరూ రాయలేదు. మందులన్నీ ఉన్నాయని కాదు. ఆ మాటకొస్తే, ఉన్న రోజులే తక్కువ. పంతొమ్మిదేళ్ల కిందట కొత్తగా చేరిన ఒక అమాయకుడు, స్టోర్‌కీపరు, పైనుంచి వచ్చిన ఉత్తరానికి జవాబుగా "కుక్కకాటు ఇంజెక్షన్లు మా దగ్గర లేవు" అని ఉన్నదున్నట్టు రాసి కింద సంతకం కూడా పెట్టాడు. ఆ కాగితం చేతులు మారి మారి శాసనసభలో తేలింది. అప్పటి మంత్రి ముఖం మాడిపోయింది, స్టోర్‌కీపరు సస్పెండయ్యాడు, వారం తిరక్కుండా ఒక సర్క్యులరు వచ్చింది. ఇకమీదట ఏ ఉద్యోగీ "లేదు" అని వ్రాయరాదు. ఆ స్థానమున "పరిశీలనలో ఉన్నది" అని వ్రాయవలెను.

దీనివల్ల మనుషులకు పెద్ద ఇబ్బంది కలగలేదు. "పరిశీలనలో ఉన్నది" అంటే లేదని, "త్వరలో" అంటే ఈ ఏడు కాదని, "తగు చర్యలు తీసుకోబడును" అంటే ఇక మరిచిపొమ్మని అందరికీ తెలుసు. ఆఫీసుకు టీ పోసే అతనికి కూడా ఈ భాష వచ్చు. రానిది ఒక్క కంప్యూటరుకే. ఆ కంప్యూటరు చేతికే రాష్ట్రంలోని మందుల లెక్కంతా అప్పజెప్పాలని సంస్థకు బుద్ధి పుట్టింది.

ఆ సంవత్సరం ఎక్కడ చూసినా ఏఐ ఏజెంట్ల జాతరే. పక్క శాఖవాళ్లు ఒకటి పెట్టారట, ఈ శాఖవాళ్లు పెట్టకపోతే పరువేం కాను? జనం ఫోను చేసి "ఫలానా ఆసుపత్రిలో ఫలానా మందు ఉందా" అని అడిగితే జవాబు చెప్పే ఏజెంటును తయారు చేయించి, దానికి "ఓషధి" అని పేరు పెట్టారు. ఇక ఆ ఓషధికి మందుల సంగతి నేర్పడానికి మందులు తెలిసిన మనిషి ఒకరు కావలసి వచ్చింది. అలా ఎర్రమిట్ట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఫార్మసిస్టు అంకాలమ్మను డెప్యుటేషన్ మీద పిలిపించారు.

ఎర్రమిట్ట వేరుశనగ చేల మధ్య ఊరు. వానలు పడితే చాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి పాముకాట్లు వరసపెట్టి వస్తాయి. ఇరవై రెండేళ్లుగా అంకాలమ్మ పని ఏమిటంటే, "మేడం, పాము సూది ఉందా?" అని ఫోను వస్తే చూసి చెప్పడం. ఉంటే "తీసుకురాండి" అనేది. లేకపోతే "ఈడ లేదు, నల్లచెలిమకు పోండి" అనేది. ఆ ఒక్క ముక్క ఆలస్యం కాకుండా చెప్పడం వల్ల ఎందరు బతికారో ఆమె ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. ఇలాంటి మనిషిని ఆ ఆఫీసుకు పిలిపించడం సంస్థ చేసిన మొదటి పొరపాటు.

ప్రోగ్రామర్ ఇమ్రాన్, కాంట్రాక్టు మీద పనిచేసే ముప్పయ్యేళ్ల మనిషి, ఆమెకు అరగంటలో విషయం బోధపరిచాడు.

"ఈ ఏజెంటు కొత్తగా చేరిన గుమాస్తా లాంటిది మేడం. తెలివైనదే, కానీ మన మందుల సంగతి ఏమీ తెలియదు. దాని ముందు మూడు బీరువాలున్నాయి. వాటినే మేం టూల్స్ అంటాం. ఒక దాంట్లో ఏ ఆసుపత్రిలో ఏది ఎంత ఉందో ఉంటుంది. ఇంకో దాంట్లో మందుల వేరే పేర్లు. మూడోదాంట్లో, మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదన్నది. తలుపుల మీద మనం అంటించిన చీటీలు చదివి, ఏది తెరవాలో అది తేల్చుకుంటుంది. చీటీ బాగుంటే జవాబు బాగుంటుంది. అంతే."

"చీటీ నేను రాయల్లనా?"

"మీరే రాయాలి. నాకు పాము సూది అసలు పేరేమిటో కూడా తెలియదు."

అంకాలమ్మ మధ్యాహ్నం భోజనానికి ముందే రాసేసింది. అర పేజీ.

"ఒకటో టూల్: ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎంత ఉందో చెబుతుంది. ఆసుపత్రి పేరు, మందు పేరు రెండూ ఇవ్వాలి. ఏదైనా తెలియకపోతే ఫోను చేసినవాళ్లనే అడగాలి, ఊహించకూడదు. సున్నా అని వస్తే లేదని వెంటనే చెప్పి, మూడో టూల్ చూడాలి. జవాబే రాకపోతే అది సున్నా కాదు, తెలియదని చెప్పాలి. రెండో టూల్: మందు వేరే పేర్లు. జనం పాము సూది అంటారు, లెక్కల్లో కంపెనీ పేరు ఉంటుంది. పేరు దొరకనప్పుడే ఇది వాడాలి. మూడో టూల్: ఆ మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి. మొదటి దాంట్లో సున్నా వచ్చాకే వాడాలి. ఉదాహరణ: ఎర్రమిట్టలో పాము సూది ఉందా అని అడిగితే, ఎర్రమిట్టలో లేదు, నల్లచెలిమలో ఉంది, అక్కడికి పోండి అని చెప్పాలి."

ఇమ్రాన్ దాన్ని రెండుసార్లు చదివాడు. "ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నా మేడం. ఇంత శుభ్రమైన చీటీ ఎవరూ రాసివ్వలేదు. ఇది చాలు," అన్నాడు. అదే సాయంత్రం పరీక్ష చేసి చూస్తే ఓషధి ముప్పై ప్రశ్నలకు ముప్పై సరైన జవాబులు చెప్పింది.

అర పేజీ కాగితం మీద ప్రభుత్వం నడుస్తుందా? ఆ కాగితం వివరణ పత్ర పరిశీలక సంఘం ముందుకు వెళ్లింది. తొమ్మిది మంది సభ్యులు. అధ్యక్షులు సంయుక్త సంచాలకులు విశ్వపతి గారు. ఆయన ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, వెనక్కి తిప్పి, అటువైపు ఏమైనా ఉందేమోనని చూశారు.

"అంకాలమ్మ గారూ, ఏమిటిది?"

"చీటీ సార్. టూలు మీద అంటించేది."

"ప్రభుత్వం చీటీలు రాయదమ్మా. ప్రభుత్వం వివరణ పత్రములను వెలువరిస్తుంది. టూలు అనే మాటేమిటి, మెకానిక్ షెడ్డులాగా? అన్వేషణోపకరణము అనండి. సరే, 'సున్నా వస్తే లేదని చెప్పాలి' అన్నారు. ఎవరు చెప్పాలి?"

"ఓషధి చెప్పాల సార్."

"ఓషధి ఎవరి తరఫున మాట్లాడుతుంది? మన తరఫున. అంటే లేదని మనమే ఒప్పుకున్నట్టు! పంతొమ్మిదేళ్లుగా కాపాడుకొస్తున్న సంప్రదాయమమ్మా ఇది. మనుషులం పాటిస్తున్నాం, మిషను పాటించలేదా?" అని ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో "పరిశీలనలో ఉన్నదని సవినయముగా తెలియజేయవలెను" అని స్వహస్తాలతో రాశారు.

"సార్, అడిగినోళ్లు ఉందనుకోని ఆడనే కూచుంటారు," అంది అంకాలమ్మ.

"కూర్చోనివ్వండి. ఆశాభావం ఆరోగ్యానికి మంచిది."

ఇక మిగతా సభ్యులు ఊరుకుంటే సంఘానికి అర్థమేముంది? మూడు టూల్సూ మూడు విభాగాల కింద ఉన్నాయి. మూడో టూలు రవాణా విభాగానిది. దాని అధికారి లేచి, "'మొదటిదాని తర్వాతే మూడోది వాడాలి' అంటే, మా విభాగం నిల్వల విభాగం తర్వాతదనా? సీనియారిటీ జాబితా ప్రకారం నేను ఆయనకన్నా పదకొండు నెలలు ముందు," అన్నారు. రెండో టూలు విభాగం అధికారి "పేరు దొరకనప్పుడే వాడాలి" అన్న మాటకు నొచ్చుకున్నారు. అంటే దొరికినప్పుడు తన విభాగం అక్కర్లేదనా? ఒక విభాగానికి నాలుగు వాక్యాలు, ఇంకో విభాగానికి రెండే వాక్యాలు ఎందుకన్నది మరొకరి బాధ. ఐదు సమావేశాలయ్యాయి. చివరికి ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా మూడు టూల్సుకూ ఒకే వివరణ ఖరారు చేశారు:

"ఈ అన్వేషణోపకరణము, ప్రజాశ్రేయస్సును దృష్టియందుంచుకొని, ఔషధములు మొదలగు వాటికి సంబంధించిన సమాచారమును, సందర్భానుసారముగా, యుక్తమని తోచిన రీతిన అందజేయుటకు ఉద్దేశింపబడినది."

ఇమ్రాన్ ఉండబట్టలేక చెయ్యెత్తాడు. "సార్, మూడు బీరువాలకూ ఒకే చీటీ అంటిస్తే ఏది ఏదో దానికి ఎలా తెలుస్తుంది సార్? యుక్తమని తోచిన రీతి అంటే దానికేమీ తోచదు సార్."

"తోచకపోవడమేమిటయ్యా? కృత్రిమ మేధ అన్నది నువ్వే కదా. మేధ ఉన్నాక తోచదూ?" అన్నారు విశ్వపతి గారు. తొమ్మిది మందీ నవ్వారు. ఆ నవ్వు కూడా మినిట్స్‌లో "సభ్యులు హర్షము వ్యక్తపరచిరి" అని నమోదైంది.

సంస్థ చరిత్ర, సంచాలకుల సందేశం, నిర్వచనాలు, మినహాయింపులు, మినహాయింపులకు మినహాయింపులు కలిపి ఆ అర పేజీ అరవై నాలుగు పేజీలైంది. ఓషధి ఫోను ఎత్తిన ప్రతిసారీ అదంతా చదువుకోవాలి కనుక, జవాబు రావడానికి మూడు నిమిషాలు పట్టేది. ఆ మూడు నిమిషాలూ వృథా పోకుండా సంచాలకులవారి స్వాగతోపన్యాసం వినిపించే ఏర్పాటు చేశారు. అంకాలమ్మ రాసిన దాంట్లో మిగిలింది ఉదాహరణలోని ప్రశ్న ఒక్కటే. "ఎర్రమిట్టలో పాము సూది ఉందా?" దాని కింద జవాబు మాత్రం మారింది.

జూన్ మొదటివారంలో ఓషధి ప్రారంభమైంది. అదే రోజు రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: ఇకపై ఏ ఆసుపత్రి సిబ్బందీ మందుల సంగతి ఫోనులో చెప్పరాదు, అడిగినవారిని ఓషధికే పంపవలెను. రెండోది: ఓషధి వినియోగం గణనీయంగా ఉన్నట్టు కనబడాలి కాబట్టి హెడ్డాఫీసులోని నూట తొంభై మంది ఉద్యోగులు రోజుకు తలా పదిసార్లు ఓషధికి ఫోను చేయవలెను. ఏం అడగాలో తెలియక ఎవరూ ఇబ్బంది పడకూడదని, ఉదాహరణ ప్రశ్న అచ్చువేసిన కార్డు ఒకటి అందరికీ పంచారు. ఆ రోజు నుంచి ఏడంతస్తుల ఆ భవనంలో పొద్దున పదింటికి మొదలుపెట్టి సంచాలకుల దగ్గర్నుంచి లిఫ్టు నడిపే ఆయన దాకా అందరూ చెవికి ఫోను ఆనించుకుని, "ఎర్రమిట్టలో పాము సూది ఉందా?" అని అడిగేవాళ్లే. ఓషధి అందరికీ "పరిశీలనలో ఉన్నదని సవినయముగా తెలియజేయుచున్నాము" అనేది. నెల తిరిగేసరికి యాభై వేల కాల్స్, ఒక్క తిరస్కారమూ లేదు. అటువంటి సేవ దేశంలో ఇంకెక్కడా లేదని సంచాలకులవారు పత్రికలకు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు.

అంకాలమ్మను వెనక్కి పంపలేదు. ఫిర్యాదుల విభాగంలో ఒక పాత ల్యాండ్‌లైన్ ముందు కూర్చోబెట్టారు. తిరస్కారమే లేని చోట ఫిర్యాదులేముంటాయని, నెలంతా ఆ ఫోను మోగలేదు. జూలైలో ఒక మధ్యాహ్నం మోగింది.

"మేడం, ఆ మిషనుకు రెండుసార్లు చేసినా. రెండుసార్లూ ఒగాయప్ప ఉపన్యాసం చెప్పె, మళ్లా పరిశీలనలో ఉందనె. ఉన్నట్టా లేనట్టా? నా పెండ్లాన్ని పాము కరిసింది. మా పల్లె సబ్‌సెంటరు గోడమింద ఈ నంబరుంటే చేస్తాండా. నా పేరు మద్దిలేటి. ఎర్రమిట్టకు తీస్కపోతాండా."

అంకాలమ్మ ఆలోచించలేదు. ఇమ్రాన్ సీటు దగ్గరికి పరుగెత్తి అతని స్క్రీన్ మీద అసలు లెక్క చూసింది. ఎర్రమిట్ట, సున్నా. నల్లచెలిమ, పద్నాలుగు.

"మద్దిలేటీ, ఎర్రమిట్టకు పోవద్దు. ఆడ లేదు. బండి తిప్పుకో. నల్లచెలిమకు పో, ఆడ ఉంది."

"నిజంగా ఉందా మేడం? నువ్వు మనిసివేనా?"

"మనిసినే. మాట్లాడకుండా పో."

మద్దిలేటి భార్య సుంకమ్మ బతికింది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని నల్లచెలిమ డాక్టరు అన్నాడట. ఈ సంగతి సంతోషంతో ఆయన తన నెలవారీ నివేదికలో రాశాడు. ఆ నివేదిక హెడ్డాఫీసుకు వచ్చింది, అంకాలమ్మకు మెమో వచ్చింది. "ది 11వ తేదీన ఒక పౌరునితో 'లేదు' అను పదమును అనధికారికముగా, నోటిమాటగా ప్రయోగించి, ఎర్రమిట్ట కేంద్రమున ఔషధ కొరతను కలుగజేసినందులకు" సంజాయిషీ ఇవ్వమని.

"కొరత నేను కలగజేయడమేంది సార్? ఆడ మందు లేదు," అంది ఆమె విచారణలో.

విశ్వపతి గారు ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "మీరు చెప్పకముందు అక్కడ ఔషధము పరిశీలనలో ఉన్నది. యాభై వేల కాల్స్ అందుకు సాక్ష్యం. మీరు చెప్పిన తర్వాతే లేకుండా పోయింది. కార్యకారణ సంబంధం స్పష్టంగా ఉంది కదమ్మా?"

"ఆ మనిషి ప్రాణం నిలబడింది సార్."

"అది మంచిదే. ఓషధి సాధించిన విజయాల్లో చేరుస్తున్నాం."

చేర్చారు కూడా. సుంకమ్మ ఫొటో తెప్పించి వార్షిక నివేదిక అట్ట మీద వేశారు. ల్యాండ్‌లైన్ పీకించారు. అంకాలమ్మను గ్రౌండ్‌ఫ్లోరులో ఉద్యోగుల డిస్పెన్సరీకి మార్చారు. తలనొప్పి మాత్రలు, గ్యాసు మాత్రలు ఇవ్వడం పని. ఫోను పీకడానికి మనిషి వచ్చిన రోజే మద్దిలేటి కృతజ్ఞత చెప్పడానికి చేశాడు. చివర్లో, "మళ్లా ఎవురికన్నా కరిస్తే ఎవురికి చెయ్యల్ల మేడం?" అని అడిగాడు. అంకాలమ్మ తన సొంత సెల్ నంబరు చెప్పింది. ఆ పూటే ఇమ్రాన్ ఎవరికీ చెప్పకుండా, అసలు లెక్క ఆమె ఫోనులో కనబడేట్టు చేసి పెట్టాడు.

నంబరు పల్లె నుంచి పల్లెకు పాకింది. ఆగస్టు నాటికి ఎర్రమిట్ట చుట్టుపక్కల మూడు మండలాల్లో ఓషధికి ఫోను చేసేవాడే లేడు. అందరూ "అంకాలు మేడం"కే. గ్యాసు మాత్రల మధ్య కూర్చుని ఆమె "ఈడ ఉంది, ఆడ లేదు, అటు పో" అని చెబుతూ ఉండేది. పాపం, ఆ పనికి రాబోయే ఫలితం ఏమిటో ఆమెకు తోచలేదు. తోచడానికి ఆమె విశ్వపతి గారు కాదు కదా.

సెప్టెంబరులో మహా సమీక్షా సమావేశం జరిగింది. ఫోను ఎక్కడి నుంచి ఎక్కువగా వస్తే అక్కడ అవసరం ఎక్కువ, ఇది సూత్రం. గోడ మీద రాష్ట్ర పటం వేసి, పాము సూది కోసం ఆ నెలలో వచ్చిన కాల్స్‌ను ఎర్రచుక్కలుగా చూపించారు. ఎర్రమిట్ట, నల్లచెలిమ ప్రాంతంలో ఒక్క చుక్కా లేదు. చుక్కలన్నీ కలిసి ఒకే చోట రూపాయి బిళ్లంత పుండులా కనబడ్డాయి. ఆ చోటు హెడ్డాఫీసు.

విశ్వపతి గారు మెల్లగా కాళ్లు పైకి మడుచుకున్నారు.

"రోజుకు పంతొమ్మిది వందలు!" అన్నారు సంచాలకులవారు. "ఇంత పాముల బెడద మన భవనంలోనే ఉండగా ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా?"

ఆ సాయంత్రమే అంతస్తుకొక పాములవాణ్ణి నియమించారు. రికార్డు రూముల్లో సున్నం చల్లారు. ఉద్యోగులు కర్రలు నేలకు తాటిస్తూ క్యాంటీనుకు వెళ్లసాగారు. భయపడ్డ కొద్దీ అందరూ ఓషధికి ఇంకా ఎక్కువ ఫోన్లు చేశారు, చుక్కలు ఇంకా పెరిగాయి. వారంలో ఉత్తర్వు సిద్ధమైంది: ఎర్రమిట్ట తదితర ప్రాంతములలో సర్పజాతి అంతరించినట్లు గణాంకములు తెలుపుచున్నందున, ఆ జిల్లాలోని పాముకాటు ఇంజెక్షన్లన్నింటినీ అత్యవసర ప్రాతిపదికన హెడ్డాఫీసు డిస్పెన్సరీకి తరలించవలెను.

అంకాలమ్మ మెట్లెక్కి ఆరో అంతస్తుకు పోయింది. లిఫ్టులో పాములుంటాయని దాన్ని ఆపేశారు.

"సార్, అవి మనం చేసిన ఫోన్లే సార్. ఉత్తర్వు ఇచ్చి మనమే చేయించినాం. కార్డు పంచినారు గదా. మా ఊర్ల నుంచి నాకు రోజుకు పదీ పదైదు ఫోన్లు వస్తాండాయి. ఈ సీజన్లో సూదులు తీసేస్తే జనం చచ్చిపోతారు సార్."

"మీకు వస్తున్న కాల్స్ ఏ అన్వేషణోపకరణములో నమోదయ్యాయి?" అన్నారు విశ్వపతి గారు. కుర్చీ మీద కాళ్లు పెట్టుకునే ఉన్నారు.

"యాడా నమోదు కాలేదు. నా సెల్లుకు వస్తాయి."

"మరి అవి జరగనట్టే కదమ్మా."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖం కాదు, కోపం. అర పేజీ రాసిన రోజునే దాన్ని చించి పారేసి ఎర్రమిట్టకు బస్సెక్కి ఉంటే బాగుండేదనుకుంది. సంచాలకులవారిని కూడా కలిసింది. ఆయన ఆమె విన్నపాన్ని శ్రద్ధగా విని, పరిశీలిస్తామన్నారు. ఆయన మనిషే కనుక దానికి అర్థమేమిటో ఆమెకు అర్థమైంది.

మూడో రోజు వ్యాన్లు వచ్చాయి. డిస్పెన్సరీలో రెండు కొత్త ఫ్రిజ్జులు పెట్టి ఆరువందల పన్నెండు సీసాలు సర్దారు. తాళం మాత్రం విశ్వపతి గారి దగ్గరే ఉంది. నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు మద్దిలేటి ఫోను చేశాడు.

"మేడం, ఈసారి మా అన్న కూతురు. శిరీష. పదకొండేండ్లు. శెనక్కాయలు పీకుతాంటే చేతిమింద కరిసె. బండి స్టార్టు చేసుకోని ఉండా. యాడికి పోవల్లనో చెప్పు."

ఆమె ఫోనులో చూసింది. ఎర్రమిట్ట, సున్నా. నల్లచెలిమ, సున్నా. జిల్లా పెద్దాసుపత్రి, సున్నా. పక్క జిల్లాల్లోనూ సున్నాలే.

"మన జిల్లాలో యాడా లేదు, మద్దిలేటీ."

"యాడన్నా ఉంటాది గదా మేడం. ఎంత దూరమైనా పోతాం."

"నా ముందర ఉంది. ఈడ, హెడ్డాఫీసులో. ఆరునూర్ల పన్నెండు సీసాలు."

"ఎంత దూరం?"

"మున్నూట నలభై కిలోమీటర్లు."

ఫోనులో బండి శబ్దం, వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తున్నాయి. "టౌనులో ప్రైవేటు ఆసుపత్రికి పో. ఆడ ఉందో లేదో నాకు తెలీదు. అయినా పో. పాపను నడిపియ్యొద్దు, చెయ్యి కదలనీకు," అని గబగబా చెప్పింది అంకాలమ్మ. ప్రైవేటు ఆసుపత్రికి డెబ్బై కిలోమీటర్లు. శిరీష నలభయ్యో కిలోమీటరు దగ్గర, బండి మీదే, వాళ్ల నాన్నకూ చిన్నాన్నకూ మధ్య కూర్చుని చచ్చిపోయింది. ఆరో తరగతి చదువుతోంది.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు విశ్వపతి గారే. నలభై రోజుల్లో, ఎన్నడూ లేనంత వేగంగా, నివేదిక ముగించి ఒక ప్రతిని పిల్ల తండ్రికి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆయన దాన్ని తమ్ముడి చేతికిచ్చాడు. మద్దిలేటి అంకాలమ్మకు ఫోను చేశాడు.

"పదో తరగతి దాకా చదివినా మేడం. తెలుగే, కానీ దీంట్లో ఏం రాసినారో అర్థం కాలా. చదువుతా, చెప్పు." కూడబలుక్కుని చదివాడు. "'సదరు బాలిక, ఔషధ లభ్యత పుష్కలముగా గల ప్రాంతమునకు వెలుపల సర్పదష్టురాలగుటయే మరణమునకు కారణముగా సంఘము నిర్ధారించినది.' అంటే ఏంది మేడం?"

ఇరవై రెండేళ్లుగా ఉన్నమాట ఒక్క ముక్కలో చెప్పడం అలవాటైన మనిషికి ఆ ముక్క చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"సూది ఉన్న ఊర్లో మీ పాప లేదంట, మద్దిలేటీ. అందుకే చచ్చిపోయిందంట."

అవతల అతను ఆ కాగితాన్ని మడుస్తున్న చప్పుడు వినబడింది.

"అది నిజమే గదా మేడం," అన్నాడు మద్దిలేటి.